సగం తోట – పద్నాలుగో భాగం: పావుగంట యజమానురాలు

పోయిన వారం తుర్కియాని గానుగ వాకిట్లో, చంకలో గుడ్డమూటతో నిలబెట్టి వదిలేశాను. చదివినవాళ్లు నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు ఆ వాకిట్లో ఉన్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. చాలాసేపు కుక్కిన పేనులా పడి ఉన్నదాన్ని కూడా. కాబట్టి ఆ తిట్లు సరైన చోటికే వచ్చాయి.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. మా బీర్ తబ్బాన్‌లో ఆలివ్ తోట వేయడానికి తాతల నాటి పద్ధతి ఒకటుంది. భూమి ఒకరిది, చాకిరీ మరొకరిది. బీడు తీసుకున్నవాడు మొక్కలు నాటాలి, నీళ్లు మోయాలి, ఒంటెతో దున్నుతూ గరికపోచ కూడా లేకుండా చూసుకోవాలి. కూలి అడగకూడదు. గరిక కమ్మిందంటే ఒప్పందం పోయినట్టే. కానీ చెట్లు కాపుకొచ్చిన నాటి నుంచి భూమిలో సగం, చెట్లలో సగం అతనివైపోతాయి. తుర్కియా మొగుడు మసూద్ పదమూడేళ్ల కిందట, మేమంతా మర్యాదగా 'సీ' అని పిలిచే ఊరి పెద్ద ఆసామి సీ హమూదా దగ్గర పన్నెండు హెక్టార్ల బీడు అలాగే తీసుకున్నాడు. రెండువందల నాలుగు మొక్కలు నాటాడు. నాటిన తొమ్మిదో ఏట జ్వరమొచ్చి పోయాడు. అప్పటి నుంచి నాగలి తుర్కియాయే పట్టింది. ఆడది ఒంటెని తోలడమేమిటని ఊరు నవ్వింది, నేనూ నవ్వాను.

ఇంతలో దేశం సోషలిజంలోకి వెళ్తోందని రేడియో చెప్పింది. ఇకమీదట భూమి ఎవరికి వారిది కాదు, సహకార సంఘానిది. అందరూ కలిసి పని చేస్తారు, కలిసి పంచుకుంటారు. సంఘం మాట ఎత్తితేనే నేల మీద ఉమ్మేసే సీ హమూదా వేసవి చివర్లో ఉన్నట్టుండి మారిపోయాడు. ఆ పన్నెండు హెక్టార్లతో సహా ఉన్నదంతా సంఘానికి ఇచ్చేస్తున్నానని సంతకం పెట్టాడు. పత్రికలో ఫొటో పడింది. అందరికన్నా ఎక్కువ భూమి ఇచ్చినవాడే ప్రెసిడెంటు అన్నారు, ఆ కుర్చీలో కూర్చున్నాడు. తుర్కియా సగం మాట ఎవరూ ఎత్తలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

ఇక ఆ వాకిట్లోకి వద్దాం.

జనవరి నెల. సముద్రం మీదుగా వచ్చే గాలి చెవులు కొరికేస్తోంది. గానుగరాయి తిప్పే ఒంటెని ఆపేశారు. మగవాళ్లు చాపల మీద, మేం కోత ఆడవాళ్లం ఆలివ్ కుప్పల పక్కన గోడవార కూర్చున్నాం. పొద్దున్నే కోతకి పోవాల్సినవాళ్లం కదా, కాయలు దువ్వడానికి వేళ్లకి తొడిగే మేకకొమ్ములు కూడా తీయలేదు. మధ్యలో బల్ల వేసి, దాని వెనక ప్రాంతాధికారి మూల్దీ కూర్చున్నాడు. ముప్పై నిండలేదు. గాబెస్ రేవులో మూటలు మోసిన కూలివాడి కొడుకు. చలికి చాలని పల్చటి కోటు వేసుకుని, సోషలిజం అనే మాటని మా అమ్మ దేవుడి పేరు పలికినంత శ్రద్ధగా పలికేవాడు. మోసం తెలియని మనిషి. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత అతని మీద మీకు కోపం వస్తుంది.

"అమ్మా, మీ పని తర్వాత చూస్తాను. ముందు సంఘంలో భూమి కలిపేవాళ్ల జాబితా పూర్తి కానివ్వండి" అన్నాడు.

"నేను ఆ జాబితాలో ఉన్నానో లేదో చూడు బాబూ. ఉంటే వెళ్లిపోతా" అంది తుర్కియా.

మూల్దీ వేలితో పైనుంచి కిందిదాకా వెతికాడు. లేదు. ఆమె మూట విప్పి కాగితం బల్ల మీద పెట్టింది. ఇద్దరు నోటరీల ముద్రలు, మసూద్ వేలిముద్ర, సీ హమూదా సంతకం. మూల్దీ పైపైన చూసినవాడల్లా రెండోసారి నిదానంగా చదివాడు.

"సీ హమూదా, ఈ సంతకం మీదేనా?"

"నాదే" అన్నాడు సీ హమూదా. ఉన్ని అంగీ భుజాల మీదికి లాక్కుని, ఎర్ర టోపీ సర్దుకుని, పెళ్లివారింట్లో కూర్చున్నంత హాయిగా ఉన్నాడు. "నేనేనాడైనా కాదన్నానా? మసూద్ నాకు తమ్ముడి లాంటివాడు. ఆ చివరి వాక్యం ఒక్కసారి అందరికీ వినబడేలా చదవండి."

"'చెట్లు కాపునకు వచ్చిన నాటి నుండి సగభాగము నాటినవానికి చెందును.'"

"ఆఁ. కాపునకు వచ్చిన నాటి నుండి. నేను సంఘానికి రాసిచ్చింది సెప్టెంబరులో. అవి కాసింది ఈ చలికాలం. అంటే సంఘం చేతికొచ్చాక కాశాయి. నా చేతిలో ఉన్నన్నాళ్లూ కాయలేదు. కాయని చెట్టుకి నాటినవాడు పనివాడే కానీ భాగస్తుడు కాడు. ఇది నేను పెట్టిన రూలు కాదు, మన తాతలు పెట్టింది."

"పోయిన ఏడే కాశాయి" అంది తుర్కియా.

"కాశాయా!" సీ హమూదా కళ్లు పెద్దవి చేశాడు. "మరి ఎవరితోనైనా అన్నావా తల్లీ?"

అతను ఎటు తీసుకుపోతున్నాడో ఆ క్షణానే తుర్కియాకి తెలిసిపోయింది. మాక్కూడా తెలిసిపోయింది.

"ఒరే ఫర్జానీ, లేచి నిలబడు. పోయిన చలికాలం బావి దగ్గర నువ్వు అడిగావు కదరా, తోట ఎలా ఉంది వదినా అని. ఏమంది?"

ఫర్జానీ తనకి ముప్పై చెట్లే అని చెప్పుకునే రైతు, భయస్తుడు. టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. "ఏమంటుందండీ... 'ఏం లేదు, ఆకులే' అంది."

"ఇంకెవరైనా అడిగారా?"

అందరూ అడిగినవాళ్లే. పచారీ కొట్టు దగ్గర అడిగారు, పెళ్లిలో అడిగారు, చావింట్లో కూడా అడిగారు. ఎవరడిగినా ఆమె చెప్పింది ఒక్కటే. ఏం లేదు, ఆకులే. ఒకరి తర్వాత ఒకరు లేచి చెప్పారు. అబద్ధం ఒక్కరూ చెప్పలేదు, అదీ దారుణం.

మా ఊళ్లో కాసిన చెట్టుని కాసిందని నోటితో అనరు. దిష్టి తగులుతుంది. పిల్ల బొద్దుగా ఉంటే ఏదో బతికే ఉందంటాం. గొర్రె రెండు పిల్లల్ని పెడితే చచ్చి బతికిందంటాం. అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. అడిగినవాడు తల ఊపి, దేవుడే దిక్కు అని వెళ్లిపోతాడు. తొలికాపు తోటకైతే ఈ జాగ్రత్త మరీ ఎక్కువ. అలా దాచకపోతేనే తుర్కియాని పొగరుబోతు అనేవాళ్లం. ఇప్పుడు ఆ దాపరికమే ఆమె మెడకి చుట్టుకుంది. సీ హమూదా ఆ తాడు ఎంత నేర్పుగా పేనాడో చూసి నాకు ఒళ్లు మండింది.

"అమ్మా, మీరు ఆ మాట అన్నారా?" అని అడిగాడు మూల్దీ.

"అన్నాను." తుర్కియా అతని వైపు కాదు, చాపల వైపు తిరిగింది. "మళ్లీ అడిగినా అదే అంటాను. ఈ వాకిట్లో అలా అననివాడు ఎవడో లేవమను, చూద్దాం. ఏరా ఫర్జానీ, నీ పెళ్లానికి ఎనిమిదో నెల వచ్చేదాకా నువ్వేమన్నావు? కడుపుబ్బరం అన్నావు. ఆ కడుపుబ్బరం ఇవాళ బడికి పోయి ఎక్కాలు చదువుతోంది!"

గోడవార మేం నవ్వాం. మగవాళ్లు గడ్డాల్లో నవ్వుకున్నారు.

"సీ హమూదా, మీ ఒంటె ఈనినప్పుడు నేను మీ ఇంటికొచ్చి అడగలేదూ? పిల్ల దక్కకుండా ఈసుకుపోయిందని ఎంత దిగులుగా చెప్పారు! నేను నిజమనుకుని మీ ముందు ఏడ్చినంత పని చేశా. మర్నాడు ఆ ఈసుకుపోయింది వీధంతా గంతులేస్తూ నా గంపే తన్నేసింది."

ఈసారి నవ్వు ఆగలేదు. సీ హమూదా కూడా పెదవి బిగించి నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని. నవ్వనివాడు మూల్దీ ఒక్కడే. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, బల్ల మీది జాబితా దగ్గరికి లాక్కున్నాడు.

"ఒక్క నిమిషం. ఇందులో మీరంతా చెప్పిన చెట్ల సంఖ్యలు ఉన్నాయి. ఫర్జానీ ముప్పై. ఇతను నలభై. ఇతను పాతిక..."

చాపల మీది మగవాళ్లు టోపీలు సర్దుకున్నారు.

"ఇవి నిజమైనవేనా?"

ఎవరో దగ్గారు. ఎవరో "దేవుడి దయ" అన్నారు. ఫర్జానీ తన చెప్పుల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు.

"నేను ఈ సంఖ్యల మీదే పై ఆఫీసుకి రాశాను" అన్నాడు మూల్దీ మెల్లగా. "కొత్త గానుగ చిన్నది చాలని రాశాను." పాపం, అతని మొహం చూస్తే జాలేసింది. రెండేళ్లు ఊరూరా తిరిగి దేశానికి ఇల్లు కడదామనుకున్నాడు. మేం ఉన్న చెట్లు దాచి అతనికి దొంగ లెక్కలు అమ్మాం.

"అది తర్వాత సంగతి" అన్నాడు సీ హమూదా గట్టిగా. "ముందు ఈవిడ సంగతి తేల్చండి."

మూల్దీ తేరుకున్నాడు. "అమ్మా, దిష్టి సంగతి నాకు అర్థమైంది. కాగితానికి అర్థం కాదు. పోయిన ఏడు కాయలు గానుగకి తెచ్చారా?"

"గానుగకి తెస్తే ఊరంతా చూడదూ? ఇంట్లోనే తీశా. రాతి మీద నలగ్గొట్టి, వేణ్నీళ్లు పోసి, పైకి తేలిన నూనె చేత్తో తీసుకున్నా. మా అమ్మమ్మ అలాగే తీసేది."

"ఎంత వచ్చింది?"

మీకు ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. మా ఊళ్లో నలుగురిలో నిలబడి, నాకింత పండింది అని గొంతెత్తి చెప్పడమంటే బట్టలిప్పి నిలబడమన్నట్టే. పైగా ఆ చెట్లకి పదమూడేళ్లు బిడ్డలకి కాపలా కాసినట్టు కాపలా కాసిన మనిషి. ఆమె చెయ్యి మెడలో వేలాడే తాయెత్తు మీదికి పోయింది. ఆ చేతిని తనే కిందికి దించేసింది.

"ఏడు జాడీలు" అంది. తర్వాత ఇంకా గట్టిగా, ఒంటె కూడా తల తిప్పేంత గట్టిగా, "రెండువందల నాలుగు చెట్లు నాటాం. ఒక్కటి చావలేదు. రెండువందల నాలుగూ కాశాయి. విన్నారా? కాశాయి! ఏడు జాడీల నూనె తీశాను నేను!"

నా పక్కనున్న ముసలామె గబగబా మూడుసార్లు ఉమ్మి, అయిదు వేళ్లూ చాచి గాల్లో చూపించింది. ఆమె తుర్కియాకి దిష్టి తీస్తోందో, మమ్మల్ని కాపాడుకుంటోందో నాకు తెలియదు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మనిషి అంత భయపడుతూ, అంత ధైర్యంగా మాట్లాడడం నేను అంతకు ముందు చూడలేదు.

"ఆ జాడీలు ఎక్కడున్నాయి?"

"పంచేశా. తొలికాపు నూనె ఇంట్లో ఉంచుకోకూడదు. తీసుకున్నవాళ్లు ఇక్కడే ఉన్నారు." ఆమె కళ్లు గోడవారకి వచ్చి, మమ్మల్ని దాటి వెళ్లిపోయాయి. "వాళ్ల పేర్లు నేను చెప్పను."

చెప్పి ఉంటే ఎంత బాగుండేది! నా పేరు ఆమె నోట వచ్చి ఉంటే, తప్పనిసరై తల ఊపేదాన్ని. అలా కాకుండా ఆ బరువు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నా మొగుడు ఆ గానుగలోనే పని చేసేవాడు, సీ హమూదా కింద. నా చలికాలపు కోత పని కూడా అతని చేతిలోదే. పోయిన ఏడు నా కూతురికి దగ్గుతో ఊపిరాడనప్పుడు, తుర్కియా ఒక జాడీ తెచ్చి ఛాతీకి రాయమంది. మా అత్తగారితో అది మా అన్న పంపాడని చెప్పాను. ఆ అబద్ధం నడిచి ఏడాదైంది. ఇప్పుడు లేస్తే మొగుడి పని పోతుంది, లేవకపోతే ఆ మనిషి భూమి పోతుంది. నా మొగుడు చాప మీంచి నా వైపే చూస్తున్నాడు, కూర్చోమని కళ్లతో చెప్తున్నాడు. నేను ఇంకా లేవనేలేదు, ఎలా తెలిసిందో అతనికి!

లేచాను. వేళ్లకున్న కొమ్ములు తీసి కొంగులో వేసుకున్నాను. "నాకొకటి ఇచ్చింది" అన్నాను. "పిల్ల దగ్గుకి. వాళ్ల తోటదే. చేతులు ఇంకా నల్లగా ఉండగానే తెచ్చిచ్చింది."

నా తర్వాత ఇద్దరు లేచారు. పురుడు పోసుకున్న ఇంటికి ఒకటి, కాలు విరిగిన ఇంటికి ఒకటి.

సీ హమూదా చప్పట్లు కొట్టినట్టు రెండు చేతులూ కలిపి నవ్వాడు. "బాగుంది సాల్హా! నీ మొగుడి తిండి తింటూ మాట్లాడుతున్నావనుకున్నా, తుర్కియా నూనె తాగి మాట్లాడుతున్నావన్నమాట. అయ్యా మూల్దీ, ఆడవాళ్ల నూనె జాడీలు చూసి దేశం భూములు పంచుతుందా? ఏ తోట నూనె అని జాడీ మీద రాసుంటుందా?"

"రాసుండక్కర్లేదు."

ఆ మాట ఇంటి గుమ్మం వైపు నుంచి వచ్చింది. గానుగని ఆనుకునే సీ హమూదా ఇల్లు. గుమ్మంలో అతని తల్లి లల్లా బేయా నిలబడి ఉంది. ఎనభై దాటిన మనిషి, కర్ర లేకుండా నడుస్తుంది. చాపల మీది మగవాళ్లంతా లేచారు. మూల్దీ కూడా ఎందుకో తెలియకుండానే లేచాడు.

"అమ్మా, చలిలో ఎందుకొచ్చావు?" అన్నాడు సీ హమూదా.

"మొదటి జాడీ మా ఇంటికే వచ్చింది" అంది ఆమె, కొడుకుని కాదు, మూల్దీని చూస్తూ. "భూమి గలవాళ్ల ఇంటికి ముందు పంపాలి. ఆ మర్యాద ఆ పిల్ల తప్పలేదు. ఊళ్లో అందరికీ ఆకులే అని చెప్పింది కానీ, నాకు జాడీ ఇచ్చి 'అమ్మా, కాశాయి' అని చెవిలో చెప్పింది. హమూదా, నువ్వు బార్లీ రొట్టె ముంచుకుని తిన్నావు, గొంతులో పొలమారింది. ఎవరిదమ్మా ఇంత లేత నూనె అన్నావు. మన బీట్లో చెట్లదిరా అన్నాను. తింటున్నవాడివి ఆగిపోయావు. ఆ వేసవిలోనే నీకు సంఘం మీద ప్రేమ పుట్టింది."

ఎవరూ నవ్వలేదు. సీ హమూదా మొహంలో రంగు దిగిపోవడం మేమంతా చూశాం. సగం పోతుందని తెలిసి, పోయే సగాన్ని తన దానంలో కలిపేసి, ఆ దానంతో కుర్చీ కొనుక్కున్నాడు. అది ఇన్నాళ్లకి బయటపడింది.

మూల్దీ కూర్చున్నాడు. కలం ముంచాడు. కొత్త కాగితం మీద రాస్తూ పైకి చదివాడు: ఆరు హెక్టార్లు, నూటరెండు చెట్లు, మసూద్ భార్య తుర్కియాకి చెందినవి, పోయిన చలికాలం నుంచి. సిరా డబ్బీ ఆమె వైపు జరిపాడు. ఆమె బొటనవేలు ముంచి, కాగితం మీద గట్టిగా, చాలాసేపు అదిమి పట్టింది. గోడవార ఒకరు సంతోషం పట్టలేక పెళ్లిళ్లలోలా కూత పెట్టబోతే పక్కవాళ్లు నోరు మూశారు.

అప్పుడు మూల్దీ రెండో కాగితం తీశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా, ఇది కూడా ఉంది. మీ ఒక్కరికే కాదు, ఊళ్లో అందరి దగ్గరా తీసుకుంటున్నదే. సొంత భూమి ఎవరిదైనా ఈ నెలాఖరులోగా సంఘంలో కలవాలని ఉత్తర్వు. ఇప్పుడు మీకు సొంత భూమి ఉంది కాబట్టి..."

సీ హమూదాకి ప్రాణం లేచొచ్చింది. "వెయ్యమ్మా, వెయ్యి! వేలికి సిరా కూడా ఉంది. పదమూడేళ్లు చాకిరీ చేసి పావుగంట యజమానురాలివయ్యావు. చాల్లే, మసూద్‌కి అది కూడా దక్కలేదు."

ఆ మాటకి నాకు లేచి వెళ్లి అతని మొహం మీద కొట్టాలనిపించింది. తుర్కియా మాత్రం రెండో కాగితం వంకే చూస్తూ నిలబడింది.

"బాబూ, నేను సంఘం వద్దనే మనిషిని కాదు" అంది. "మసూద్ చనిపోయిన ఏడు నా ఒంటె కుంటిదైంది. నాకు దున్నిపెట్టడానికి ఒక్కడు రాలేదు, ఎవడి వరుసలు వాడికి. గునపంతో గరిక తవ్వుకున్నా, గోళ్లు ఊడిపోయాయి. ఆ రోజు నీ సంఘం ఉండుంటే కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకునేదాన్ని. నువ్వు పిలవకముందే వచ్చి వేలు ముంచేదాన్ని. ఒక్కటి చెప్పు. రేపట్నించి నా వరుసలు ఎప్పుడు దున్నాలో, ఎప్పుడు కొయ్యాలో నాకు చెప్పేదెవరు?"

"సంఘం."

"సంఘమంటే?"

"ప్రెసిడెంటు."

"అంటే సీ హమూదా. పదమూడేళ్లూ ఆయనే చెప్పాడు. సోషలిజం వచ్చాక కూడా ఆయనే చెప్తే, ఇంక వచ్చిందేంటి బాబూ?"

మూల్దీ చేతిలోని కలం బల్ల మీద పెట్టేశాడు. నాకు అనిపించింది, ఆ ప్రశ్న అతను తనని తాను కూడా ఎప్పుడో అడిగే ఉంటాడని.

తుర్కియా వేలికున్న సిరా పైటకి తుడిచేసుకుంది. "నేను వెయ్యను."

"అమ్మా, వెయ్యకపోతే సోమవారం జవాన్లు వస్తారు. నేను పిలవక్కర్లేదు, వాళ్లే వస్తారు. పక్క ఊళ్లో..." మూల్దీ ఆగిపోయాడు. పక్క ఊళ్లో ముద్ర వెయ్యనన్నవాళ్లని జవాన్లు ఏం చేశారో మాకు తెలుసు.

"రానీ. మొదటి వరుసలోనే ఉంటా, వెతుక్కోవాల్సిన పని లేదు. పొద్దున ఇక్కడికి వచ్చినప్పుడు ఇవ్వనని చెప్పే హక్కు కూడా నాకు లేదు. ఇప్పుడుంది. పావుగంటైనా నాదే కదా. నీ కాగితం మీద ఒక్క మాట రాసుకురా. పని చేసేవాళ్లు చేతులెత్తి ప్రెసిడెంటుని ఎన్నుకుంటారని రాయి. ఈ కోత ఆడవాళ్లు కూడా చెయ్యెత్తుతారని రాయి. ఆ రోజు ఒక్క వేలు కాదు, పది వేళ్లూ ముద్ర వేస్తా."

"ఎన్నుకోవడమా?" సీ హమూదా కుర్చీలోంచి లేచాడు. ఇక నవ్వు నటించలేదు. "ఎక్కువ భూమి ఇచ్చినవాడు ప్రెసిడెంటు. అది అందరూ ఒప్పుకున్న మాట. నీ ఆరు హెక్టార్లు పోనీ, తీసెయ్. అయినా ఈ ఊళ్లో నాకన్నా ఎక్కువ ఇచ్చినవాడు ఎవడో చూపించు. చూపిస్తే ఇప్పుడే ఈ కుర్చీ దిగుతా."

ఫర్జానీ తల వంచుకున్నాడు. నా మొగుడు తల వంచుకున్నాడు. చూపించడానికి ఎవరున్నారు? మూల్దీ నిట్టూర్చి జాబితా మూయబోయాడు.

"మూయకు నాయనా" అంది లల్లా బేయా.

గుమ్మం దిగి వచ్చింది. మేం దారి ఇచ్చాం. ఆలివ్ కుప్పల మధ్య నుంచి నిదానంగా నడిచి, బల్ల ముందు తుర్కియా పక్కనే నిలబడింది.

"ఆ పిల్ల సగం ఆ పిల్లకి రాశావు, సంతోషం. మరి మావాడు ఇచ్చానంటున్న తక్కిన భూమంతా ఎవరిదో పట్టా చూశావా?"

"సీ హమూదా గారిదే కదా..." మూల్దీ మాట మధ్యలోనే తడబడింది.

"అమ్మా, లోపలికి పద." సీ హమూదా ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఆ చేతి వంక చూసింది, అంతే, అతను వదిలేశాడు.

"ముసలిదాన్ని కదా, చూసుకోమని వాడికి పెత్తనం ఇచ్చాను. భూమి ఇవ్వలేదు. అది మా నాన్న నాకిచ్చింది, ఇవాళ్టికీ నా పేరు మీదే ఉంది. దాన్ని ఎవరికిస్తానో ఇంతవరకు నన్ను ఒక్కరూ అడగలేదు."